ముందు ఫైలు, తర్వాతే గాడ్జెట్

"ఈ-రీడర్ కొనమంటారా, ట్యాబ్ కొనమంటారా?" అని ఎవరైనా అడిగితే నేను బ్రాండ్ల జోలికి వెళ్లను. (ఈ-రీడర్ అంటే కిండిల్, కోబో లాంటి, పుస్తకాలు చదవడానికే చేసిన పరికరం.) ఫోన్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒకసారి తెరిచి చూపించమంటాను. అందులో ఉన్నవి నవలలా, స్కాన్ చేసిన పాత పుస్తకాలా, ఆఫీసు పీడీఎఫ్‌లా, బొమ్మల పుస్తకాలా, మీరే సగం రాసి వదిలేసిన వ్యాసాలా? అది తెలిస్తే ఏం కొనాలో సగం తేలిపోయినట్టే. తెర చూసి ముచ్చటపడి కొంటాం, ఇంటికి తెచ్చాక మన ఫైలు ఆ తెరలో ఇమడదు. నాకూ అదే జరిగింది. మొదటి ఈ-రీడర్ కొన్న రోజుకి నా దగ్గరున్నవి దాదాపు అన్నీ ఏ4 సైజు పీడీఎఫ్‌లే. వారం రోజులు కుస్తీ పట్టి, దాన్ని అల్మారాలో పడేసి, మళ్లీ ఫోన్‌లోనే చదువుకున్నాను. తప్పు దానిది కాదు.

కాగితం ముక్కతో పరీక్ష

ఒక కాగితం మీద 9 సెంటీమీటర్ల వెడల్పు, 12 సెంటీమీటర్ల ఎత్తు కొలిచి కత్తిరించండి. ఆరంగుళాల ఈ-రీడర్ తెర అంటే అంతే. ఇప్పుడు ఆ ముక్కని ఏ4 పేజీ మీద పెట్టి చూడండి. పేజీ వెడల్పు 21 సెంటీమీటర్లు. అదంతా ఈ ముక్కలో పట్టాలంటే 43 శాతానికి కుదించాలి. 12 పాయింట్ల అక్షరం 5 పాయింట్లకు దిగుతుంది. మందు సీసాతో పాటు మడిచి పెట్టే చీటీలో ఉంటాయే, ఆ సైజు. ఇంగ్లిష్ అక్షరాలైతే కళ్లు చికిలించి ఎలాగో నెట్టుకురావచ్చు. తెలుగులో ఒత్తేదో గుడేదో తేలదు.

అదే 10.3 అంగుళాల తెర వెడల్పు 15.7 సెంటీమీటర్లు. అక్కడ ఆ 12 పాయింట్ల అక్షరం 9 పాయింట్లు అవుతుంది, హాయిగా చదవొచ్చు. 13.3 అంగుళాల తెరలో దాదాపు అసలు సైజే వస్తుంది. కానీ దాన్ని ఒక చేత్తో పట్టుకుని పడుకుని చదవడం మాత్రం కుదరదు.

ఇంత లెక్క ఎందుకంటే, పీడీఎఫ్ పుట్టిందే అచ్చు పేజీని ఎక్కడ తెరిచినా చెక్కుచెదరకుండా చూపించడానికి. 1993లో అడోబీ తెచ్చిన ఆ ఫార్మాట్‌లో ప్రతి అక్షరం చోటు ముందే ఖరారై ఉంటుంది. ఈ-పుస్తకాల కోసమే ఉన్న ఈపబ్ ఫార్మాట్ అలా కాదు, నీళ్ల లాంటిది. ఏ గిన్నెలో పోస్తే ఆ ఆకారం. ఫాంట్ పెంచితే పేజీలు పెరుగుతాయి తప్ప వాక్యం తెర దాటిపోదు. కాబట్టి మీవన్నీ ఈపబ్ నవలలూ కథలూ అయితే ఆరు, ఏడు అంగుళాల తెర చాలు, అంతకన్నా పెద్దది దండగ.

స్కాన్ చేసిన పాత పుస్తకాల దారి వేరు. అవి పేరుకి పీడీఎఫ్‌లు, నిజానికి పేజీల ఫొటోలు. ఫాంట్ మార్చే వీలుండదు. అయితే మన పాత పుస్తకాలు ఎక్కువగా డెమ్మీ సైజువి, ఏ4 కన్నా బాగా చిన్నవి. మార్జిన్లు కత్తిరించేస్తే అచ్చు ఉన్న భాగం వెడల్పు పదిన్నర సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఆరంగుళాల రీడర్‌ని అడ్డంగా తిప్పి పట్టుకుంటే తెర వెడల్పు 12 సెంటీమీటర్లు. అంటే అక్షరం అసలు సైజులోనే, ఇంకా కొంచెం పెద్దగా కూడా కనిపిస్తుంది. పేజీని పై భాగం ఒకసారి, కింది భాగం ఒకసారి చదువుకోవాలి, అంతే. ఈ చిన్న కిటుకు తెలియకే నా రీడర్ అన్నాళ్లు అల్మారాలో పడి ఉంది.

ఈ-ఇంక్ తెర లోపల

ఈ-రీడర్లకి ఉండే ఈ-ఇంక్ తెరలో వెంట్రుక మందం ఉండే చిన్న చిన్న గుళికలు లక్షల్లో ఉంటాయి. ఒక్కో గుళికలో పారదర్శకమైన ద్రవం, అందులో ఒకదానికొకటి వ్యతిరేక ఆవేశాలున్న తెల్ల రేణువులు, నల్ల రేణువులు. కరెంటు ఎటు ఇస్తే దాన్ని బట్టి తెల్లవో నల్లవో పైకి తేలతాయి. తేలాక అక్కడే ఉండిపోతాయి. వాటిని నిలబెట్టడానికి మళ్లీ కరెంటు అక్కర్లేదు. పేజీ తిప్పినప్పుడే ఖర్చు. బ్యాటరీ వారాల తరబడి రావడానికి కారణం ఇదే. అయితే ఆ "వారాలు" అన్న లెక్క మామూలుగా రోజుకి అరగంట చదివి, వైఫై ఆపేసి ఉంచితే వచ్చేది. రోజుకి మూడు గంటలు చదివేవాళ్లు ఆరో వంతు అనుకోండి. అయినా ట్యాబ్ ఇచ్చే పది గంటలతో పోలిస్తే ఎక్కువే.

రేణువులు కదలాలి కాబట్టే ఈ తెర నిదానం. స్క్రోల్ చేస్తే మరకలు మరకలుగా సాగుతుంది, వీడియో అన్న మాటే వద్దు. ముందు పేజీ నీడ కొంచెం మిగిలిపోతుంది, అప్పుడప్పుడూ తెర ఒకసారి నల్లగా మెరిసి శుభ్రపడుతుంది. మొదటి రెండు రోజులు ఆ మెరుపు చిరాకు పెడుతుంది, తర్వాత కంటికి ఆనదు.

తిప్పిన పేజీ అలాగే నిలిచిపోతుందన్న సంగతి నాకు ఒకసారి చేదుగా అర్థమైంది. కవర్ లేకుండా రీడర్‌ని సంచీలో వేశాను, పక్కన ల్యాప్‌టాప్ చార్జర్ ఇటుకలాగా ఉంది. బస్సు దిగి తీసి చూస్తే పై గాజుకి గీత కూడా లేదు. తెర కింది సగంలో మాత్రం పొద్దున చదివిన పేజీ కదలకుండా ఉండిపోయింది. పై సగంలో పేజీలు తిరుగుతున్నాయి. కింద అదే పేరా, అదే సగం మాట. ఈ-ఇంక్ పొర చాలా మోడళ్లలో పలుచని గాజు మీద ఉంటుంది. పైన దెబ్బ కనపడకుండానే లోపలిది పగులుతుంది. తెర మార్చడం కన్నా కొత్తది కొనడం నయమన్నారు. అప్పటి నుంచి రీడర్‌తో పాటే గట్టి కవర్ కొనమని చెప్తున్నాను. కవర్ లేని రోజుల్లో దాన్ని రెండు పుస్తకాల మధ్య పెట్టుకునేవాణ్ని. చదవడానికి రీడర్, దాన్ని మోయడానికి పుస్తకాలు!

కళ్లకి మంచిదా అని అందరూ అడుగుతారు. ఈ-ఇంక్ కాగితంలాగే బయటి వెలుగుతోనే కనిపిస్తుంది, మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంకా బాగుంటుంది. రాత్రికి పనికొచ్చే దీపాలు కూడా తెర అంచుల నుంచి తెర మీదకే పడతాయి, కళ్లలోకి కొట్టవు. నిద్ర విషయానికొస్తే, 2014 చివర్లో వచ్చిన ఒక అధ్యయనంలో పడుకునే ముందు ఐప్యాడ్ మీద చదివినవాళ్లకి అచ్చు పుస్తకం చదివినవాళ్ల కన్నా నిద్ర పట్టడానికి సుమారు 10 నిమిషాలు ఎక్కువ పట్టింది. అందులో ఉన్నది 12 మందే, పైగా వెలుతురు పూర్తిగా పెంచి నాలుగు గంటలు చదివించారు. దాన్ని చూసి బెంబేలు పడనక్కర్లేదు. నా అనుభవంలో నిద్ర చెడగొట్టేది వెలుతురు కాదు, చదువుతుండగా పైనుంచి జారే నోటిఫికేషన్.

రంగుల ఈ-ఇంక్ ఇప్పుడు బాగా కనిపిస్తోంది. కోబో లిబ్రా కలర్, కిండిల్ కలర్‌సాఫ్ట్ రెండూ 2024లో వచ్చాయి. నల్లటి అక్షరం అంగుళానికి 300 చుక్కలతో వస్తే, రంగు బొమ్మ 150 చుక్కలతోనే వస్తుంది. పైన రంగుల జల్లెడ లాంటి పొర ఒకటి ఉండటంతో పేజీ తెలుపు కాస్త మసకబారుతుంది, దీపం ఎక్కువ వేసుకోవాల్సి వస్తుంది. పుస్తకాల అట్టలు, హైలైట్ చేసిన లైన్లు ముచ్చటగా ఉంటాయి. మ్యాపులూ ఫొటోలూ అయితే పాత దినపత్రిక ఆదివారం అనుబంధంలా ఉంటాయి. నవలలు చదివేవాళ్లు నలుపు తెలుపుకే ఉండిపోవడం మంచిదని నా మాట.

ట్యాబ్, ఫోన్

ట్యాబ్‌కి బలం రంగు, వేగం. బొమ్మలున్న పాఠ్యపుస్తకం, కామిక్స్, రెండు వేళ్లతో సాగదీసి చూడాల్సిన పెద్ద పీడీఎఫ్, పక్కనే వీడియో పెట్టుకుని నేర్చుకునే పాఠం, వీటికి ఈ-రీడర్ పనికిరాదు. చదువుకునే పిల్లలకి ఒక్క గాడ్జెట్టే కొనగలిగితే నేను ట్యాబే చెప్తాను.

బరువు దగ్గర దానికి దెబ్బ పడుతుంది. మామూలు ఆరంగుళాల కిండిల్ 158 గ్రాములు, ఏడంగుళాల పేపర్‌వైట్ 211, ఐప్యాడ్ మినీ 293, మామూలు ఐప్యాడ్ 477. షాపులో నిలబడి పట్టుకుంటే ఈ తేడా తెలియదు. పక్కకి తిరిగి పడుకుని నలభై పేజీలు చదివితే మణికట్టు చెప్తుంది. వెల్లకిలా పడుకుని చదివేవాళ్లకైతే ముక్కు చెప్తుంది.

బరువు కన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. ట్యాబ్‌లో పుస్తకం తెరిచి పదో పేజీలో ఒక ఊరి పేరు కనిపిస్తే, అది ఎక్కడుందో చూద్దామని వెళ్తాం. అక్కడి నుంచి ఒక వీడియో, దాని కింద ఇంకొకటి. అరగంట తర్వాత పుస్తకం ఎక్కడ ఆపామో గుర్తుండదు. ఈ-రీడర్‌లో కూడా బ్రౌజర్ ఉంటుంది, కానీ అది ఎంత నిదానమంటే విసుగొచ్చి పుస్తకానికే తిరిగొస్తాం. దాని చేతకానితనమే మనకి మేలు. నేను డబ్బిచ్చి కొన్నది ఆ చేతకానితనాన్నే అని ఇంట్లో చెప్తే నవ్వారు.

ఫోన్‌ని మాత్రం తీసిపారేయకండి. అది ఎప్పుడూ జేబులో ఉంటుంది. క్యూలో నిలబడ్డ పది నిమిషాలు, డాక్టర్ పిలుపు కోసం కూర్చున్న అరగంట దానివే. ఈ-రీడర్ కొనే ముందు ఒక నెల ఫోన్‌లోనే ఈపబ్ యాప్ పెట్టుకుని, ఫాంట్ పెద్దది చేసుకుని రెండు పుస్తకాలు చదవండి. రెండూ పూర్తయి కళ్లు నొప్పి పెడితే రీడర్ కొనండి. ఒక్కటీ పూర్తి కాకపోతే రీడర్ కొన్నా పూర్తి కాదు.

రాసే పని ఉంటే

పుస్తకం లాంటి కంప్యూటర్ ఒక్కటే చేతిలో ఉంటే చాలన్న ఆశ ఇవాళ్టిది కాదు. 1972లోనే అలాన్ కే అనే అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త డైనాబుక్ పేరుతో పిల్లలు పట్టుకు తిరిగే కంప్యూటర్‌ని కాగితం మీద ఊహించాడు. 2007లో ఏసూస్ కంపెనీ తెచ్చిన ఏడంగుళాల "ఈ పీసీ" (Eee PC)తో నెట్‌బుక్‌లు, అంటే చవకైన బుల్లి ల్యాప్‌టాప్‌లు, ఊపందుకున్నాయి. ఆ కీబోర్డు మీద నా వేళ్లు ఒకదాన్ని ఒకటి తొక్కుకునేవి. 2010లో ఐప్యాడ్ వచ్చాక కొన్నేళ్లకే అవి కనుమరుగయ్యాయి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రోజుకి రెండు పేజీలకి మించి టైప్ చేసేవాళ్లు ట్యాబ్‌కి కీబోర్డు తగిలించుకుని సరిపెట్టుకోవద్దు. బల్ల మీద బాగానే ఉంటుంది. ఒళ్లో పెట్టుకుంటే వెనక ఆసరా జారి వాలిపోతుంది. ట్యాబ్, కీబోర్డు కవర్, పెన్ను కలిపితే బరువూ ఖర్చూ చిన్న ల్యాప్‌టాప్ దగ్గరికే చేరతాయి. 13 అంగుళాల తేలికపాటి ల్యాప్‌టాప్ తీసుకుని, దానికి టైప్-సీ పోర్టులోనే చార్జింగ్ ఎక్కుతుందో లేదో చూసుకోండి. ఎక్కితే ఫోన్‌కీ రీడర్‌కీ ల్యాప్‌టాప్‌కీ ఒకటే చార్జర్. ఐరోపా యూనియన్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి కొత్తగా అమ్మే ఫోన్లు, ట్యాబ్‌లు, ఈ-రీడర్లకి టైప్-సీ తప్పనిసరి చేశారు. పాత మైక్రో యూఎస్‌బీ రీడర్ చవగ్గా దొరికినా, దానికోసం ఇంకో వైరు మోయాలని గుర్తుపెట్టుకోండి.

క్రోమ్‌బుక్ (గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్) తీసుకుంటే అప్‌డేట్లు ఏ తేదీతో ఆగిపోతాయో ముందు చూడాలి. పదేళ్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది, కానీ ఆ లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్‌కి ఆధారమైన ప్లాట్‌ఫాం విడుదలైనప్పటి నుంచి.

చేత్తో రాసుకునే పెద్ద ఈ-ఇంక్ పలకలు ఇంకో రకం. రీమార్కబుల్, కిండిల్ స్క్రైబ్, ఓనిక్స్ బూక్స్ లాంటివి. పీడీఎఫ్ మార్జిన్లలో గీతలు గీస్తూ, ప్రశ్నలు రాసుకుంటూ చదివే పరిశోధక విద్యార్థులకి, ప్రూఫులు దిద్దేవాళ్లకి ఇవి భలే పనికొస్తాయి. మిగతావాళ్లు మొదటి నెల డైరీ రాసి రెండో నెల మూల పడేస్తారు. ముందు ఒక మామూలు నోటుపుస్తకం నిండేదాకా రాయగలరేమో చూసుకోండి.

పుస్తకం ఎవరి గుప్పిట్లో ఉంది

కొనేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఇది. గాడ్జెట్ మీదే, మరి అందులోని పుస్తకం? 2009 జులైలో హక్కుల చిక్కు వచ్చిందని అమెజాన్ అప్పటికే అమ్మేసిన కొన్ని పుస్తకాలను పాఠకుల కిండిళ్ల లోంచి దూరాన్నుంచే తీసేసింది. డబ్బు వెనక్కిచ్చింది, జెఫ్ బెజోస్ క్షమాపణ కూడా చెప్పాడు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు కొన్న పుస్తకాలు జులై నుంచి తెరుచుకోలేదు. అక్కడా డబ్బు తిరిగిచ్చారు. పేజీల పక్కన రాసుకున్న నోట్సుని ఎవరు తిరిగిస్తారు? 2025 ఫిబ్రవరి 26 నుంచి, కొన్న కిండిల్ పుస్తకాన్ని అమెజాన్ సైటులోంచి కంప్యూటర్‌లోకి దించుకునే సదుపాయం కూడా పోయింది.

అలాగని కిండిల్ వద్దని కాదు. దాని తెర బాగుంటుంది, దుకాణం పెద్దది. కొత్త ఇంగ్లిష్ పుస్తకాలు వచ్చిన రోజే కొని చదివేవాళ్లకి అదే సుఖం. మీ దగ్గర సొంత ఈపబ్‌లు ఉంటే వైరుతో ఎక్కిస్తే కిండిల్‌లో తెరుచుకోవు. 2022 నుంచి అమెజాన్ వాళ్ల "సెండ్ టు కిండిల్" సేవ ద్వారా పంపితే అదే మార్చుకుంటుంది. కోబో అయితే ఈపబ్‌ని నేరుగా తెరుస్తుంది. నానా చోట్ల నుంచి ఫైళ్లు పోగేసేవాళ్లకి కోబో నయం. ఆండ్రాయిడ్‌తో నడిచే ఈ-ఇంక్ రీడర్లలో రెండు దుకాణాల యాప్‌లూ వేసుకోవచ్చు. బదులుగా బ్యాటరీ త్వరగా అవుతుంది, ఒక్కో యాప్‌కి తెర సెట్టింగులు సరిచేసుకుంటూ కూర్చోవాలి. గాడ్జెట్లతో ఆడుకోవడం సరదా అయినవాళ్లకే అది.

ఏది కొన్నా కంప్యూటర్‌లో కాలిబర్ వేసుకోండి. కోవిద్ గోయల్ 2006లో సోనీ రీడర్ కోసం మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. నకలు తీయకుండా అమ్మినవాళ్లు వేసే తాళం లేని ఫైళ్లని ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌లోకి మారుస్తుంది, రచయిత పేర్లు సరిచేస్తుంది, పుస్తకాలన్నీ మీ డిస్కులోనే ఒక చోట ఉంచుతుంది.

తెలుగు చదివేవాళ్లు డబ్బు కట్టే ముందే ఒక పని చేయాలి. స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, ఉత్ప్రేక్ష, కర్త్రి లాంటి మాటలతో నాలుగు లైన్ల ఈపబ్ తయారుచేసి, ఆ మోడల్ ఉన్న స్నేహితులెవరికైనా పంపి తెర ఫొటో అడగండి. ఒత్తులు కిందికి దిగకుండా పక్కన విడిగా నిలబడితే ఆ రీడర్ మీకు పనికిరాదు. ఫాంట్ మార్చి చూసినా బాగుపడకపోతే ఇక వదిలేయండి. యూనికోడ్ (అన్ని పరికరాలూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) రాకముందటి పాత ఫాంట్లలో టైప్ చేసిన ఫైళ్లయితే, ఆ ఫాంటు లేని పరికరంలో తెలుగు అక్షరాలు సరిగ్గా కనిపించవు, యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

వాడకంలో తెలిసేవి

లిథియం బ్యాటరీకి వేడి పడదు, ఖాళీగా నెలల తరబడి పడుండటమూ పడదు. కొన్నాళ్లు వాడనప్పుడు రీడర్‌ని సగం చార్జింగుతో పెట్టండి. ఎండలో ఆపిన కారులో ఏదీ వదలొద్దు. విమానంలో పవర్ బ్యాంకు చేతి సంచీలోనే ఉండాలి, విడిగా అనుమతి అడగక్కర్లేకుండా ఉండాలంటే 100 వాట్-అవర్స్ లోపుండాలి. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్-అవర్స్, ఇబ్బంది లేదు. నీళ్లలో పడ్డా ఏం కాదని రాసి ఉన్న మోడళ్లకి ఆ హామీ మామూలుగా మంచినీళ్లలో రెండు మీటర్ల లోతు, ఒక గంట వరకే. మెమరీ కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. బొమ్మల్లేని నవల ఒక ఎంబీ అటూ ఇటూ ఉంటుంది, 16 జీబీలో వేల పుస్తకాలు పడతాయి. ఆడియో పుస్తకాలూ స్కాన్లూ ఎక్కువుంటేనే 32 జీబీ వైపు చూడండి.

పాతది కొంటుంటే చీకటి గదిలోకి తీసుకెళ్లి దీపం సన్నగా పెట్టి చూడండి, అంచుల్లో నీడలుంటే తెలుస్తాయి. తర్వాత పది పేజీలు గబగబా తిప్పండి. ఎక్కడైనా ఒక సన్నని గీత కదలకుండా ఉంటే లోపల పగుళ్లు మొదలైనట్టే. ఆఖరున సెట్టింగుల్లోకి వెళ్లి పాత యజమాని ఖాతా పేరు ఇంకా ఉందేమో చూసి, ఆయన చేతే తీసేయించి, అప్పుడు డబ్బివ్వండి.